కార్పణ్యము, చేతకానితనము

తెలుగింటి ఇల్లాలు బియ్యపు డబ్బాలో గింజ లేనినాడు బియ్యము అయిపోయినవని పలుకదు, నిండుకొన్నవని పలుకును. దీపము ఆరినదనుటకు ఆమెకు నోరు రాదు; కొండెక్కినదనును. నల్లపూసల దండ తెగినచో ‘పెరిగినది’ అనును. గడప దాటుచున్నవానిచేత ‘పోయి వస్తాను’ అనిపించినగాని అవతలకు అడుగు వేయనీయదు. సంధ్యవేళ ఎవరేని నోరు జారి అశుభమాడినచో, తథాస్తు దేవతలు ఆ వేళకు ఇంటిపైగా సంచరించుచుందురనియు, చెవిని బడిన ప్రతిమాటకు ‘అగుగాక’ యని పోవుదురనియు మందలించు అవ్వలు తిరుపతి, చిత్తూరు పల్లెలలో నేటికిని కలరు. ఈ ఆచారములను మూఢవిశ్వాసములని త్రోసివేయుట సులభము. నాకు మాత్రము వీనియందు ఒక గంభీరమైన దర్శనము గోచరించుచున్నది. మాట జరిగినదానిని తెలిపి ఊరకుండదనియు, జరుగబోవుదానికి దారి తీయుననియు మన పూర్వులు నమ్మిరి; అందుచేతనే ఇంటిలోని లేమిని సైతము పూర్ణతావాచకముతో పేర్కొనిరి.

ఇంత జాగరూకత గల ఆ ఇంటనే, ఆ సంధ్యవేళనే, ఆ దీపము ముందరనే పుస్తకము పట్టుకొని కూర్చున్న పిల్లవానిని జూపి, ‘వానికి లెక్కలు రావప్పా, మా వంశంలోనే ఎవురికీ అబ్బలేదు’ అని వచ్చిన చుట్టముతో చెప్పుటకు ఎవ్వరును సంకోచింపరు. ఆ పిల్లవాని అక్క పై చదువుల మాట ఎత్తినచో ‘మనకు యాడొస్తాది లేమ్మా అంత చదువు’ అని తల్లియే అనును. చెరకు మాని మరియొక పైరు పెట్టి చూడరాదా యని అడిగిన రైతు ‘మన చేతనయ్యే పనేనా సామీ అది’ యని తల పంకించును. ఈ మాటలాడువారిలో ఎవరును కఠినులు కారు. ప్రేమతోడనే, ఒక్కొక్కప్పుడు దిష్టి తగులునను భయముతోడనే వారిట్లు పలుకుదురు. అయినను బియ్యపు డబ్బాకు చూపిన మర్యాద బిడ్డ బుద్ధికి చూపలేదన్న మాట నిజము. తథాస్తు దేవతలు నిక్కముగ ఉన్నచో, వారు ఎక్కువగ తల యూపవలసివచ్చిన మాటలు ఇవియే.

మన భాషలో విద్యను గూర్చి చెప్పుట ఒక విలక్షణమైన తీరు. ‘నాకు ఈత వచ్చు’, ‘ఆమెకు పాట వచ్చు’ అందుము; అచ్చట వచ్చునది విద్య, మనుష్యుడు దానిని పొందువాడు మాత్రమే. ఇందులో వినయము కలదు, విద్యపట్ల గౌరవము కలదు. కాని దీని వ్యతిరేకరూపమైన ‘రాదు’ అనుదానిని గమనింపుడు. ‘రాలేదు’ అన్నచో నిన్నటివరకు రాలేదనియే అర్థము, రేపటి ద్వారము తెరచియే యుండును. ‘రాదు’ అనునది కాలభేదము లేని క్రియ. భూతమును, వర్తమానమును, భవిష్యత్తును ఒక్క పెట్టున నిషేధించును. ఎనిమిదేండ్ల పిల్లవానికి భాగహారము రాలేదని చెప్పుటకు బదులు లెక్కలు రావని చెప్పినచో, వాని జీవితమునందలి మూడు కాలములకును మనము తీర్పు చెప్పినట్లయినది. పిల్లవాడు వ్యాకరణము నెరుగడు గాని, మాతృభాషలోని ఈ భేదమును వాని హృదయము మనకంటె చక్కగ గ్రహించును.

ఇచ్చట భక్తుడొకడు అడ్డుపడవచ్చును. అతని ప్రశ్న తేలికది కాదు. వేంకటాచలపు నీడన పుట్టి పెరిగినవారికి ‘నాదేమున్నది, అంతయు స్వామిదే’ యనుట నాలుకకు స్వభావమైనది. అలిపిరినుండి 3,550 మెట్లు ఎక్కి కొండపైకి చేరిన ముదుసలిని ‘అవ్వా, ఇంత దూరము ఎట్లెక్కితివి’ అని అడిగినచో, ‘నేను యాడ ఎక్కితి నాయనా, ఆయనే ఎక్కించుకున్నాడు’ అని చెప్పును. శేషాచలమును పాదములతో త్రొక్కుటకు మనసొప్పక భగవద్రామానుజులు మోకాళ్లతో ఎక్కిరని చెప్పు మోకాళ్ల పర్వతము ఆ దారిలోనే యున్నది. దక్షిణాపథమును ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన యిద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన విగ్రహము మహాద్వారము దాటగనే మనకు కనబడును. తాళ్లపాక అన్నమాచార్యులు వేల సంకీర్తనములలో తన్ను దీనునిగను, అపరాధిగను చెప్పుకొనెను. ఇట్టి పరంపరలో పెరిగినవారికి తమ సామర్థ్యమును గూర్చి ధైర్యముగ పలుకుడని బోధించుట అహంకారమును బోధించుట కాదా? వినయము ధర్మమైనచో, తనకు చేతకాదనుట పుణ్యమే కదా?

దీనికి సమాధానము శాస్త్రములందు వెదకుటకు ముందు ఈ నేలనే పుట్టిన ఒక స్త్రీ జీవితమున వెదకుదము. తరిగొండ వెంగమాంబ 1730వ సంవత్సరమున తరిగొండ గ్రామమున జన్మించి, బాల్యమునందే భర్తను కోల్పోయి, లోకము విధించిన వైధవ్యచిహ్నములను అంగీకరింపక, వేంకటేశ్వరుడే తన భర్త యని నిలిచి, మదనపల్లెలో సుబ్రహ్మణ్య గురువువద్ద ఉపదేశము పొంది, పిమ్మట తిరుమలకు చేరి, తుంబురు కోనలో తపస్సు చేసి, 1817లో ఆ కొండపైననే సమాధి పొందెను. ఆమె తన కృతుల పీఠికలలో తనకు ఛందస్సు తెలియదనియు, శాస్త్రములు అభ్యసింపలేదనియు, పలికించువాడు తరిగొండ నృసింహుడే యనియు చెప్పుకొనినది. చదువరి ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. ఛందస్సు రాదని చెప్పిన ఆ చేయి శతకము వ్రాసెను, యక్షగానములు వ్రాసెను, భాగవతమును ద్విపదగ రచించెను, వాసిష్ఠ రామాయణమును, రాజయోగామృతసారమును, వేంకటాచల మాహాత్మ్యమును సమకూర్చెను. ‘తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి’ యను నానుడి పుట్టునట్లు ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. కొండపైన దినమునకు వేలమంది భోజనము చేయు అన్నప్రసాద కేంద్రమునకు ఆమె పేరే పెట్టినారు. ‘నాకు రాదు’ అని ఆమె పలికినది. మన పిల్లవాడును అదే మాట పలుకుచున్నాడు. ఒకరి నోట ఆ మాట గ్రంథములను కనినది. మరియొకరి నోట పుస్తకమును మూయించినది. మాట ఒక్కటియే యైనపుడు ఫలమెందుకు భేదించినది?

శ్రీవైష్ణవాచార్యులు శరణాగతిని ఆరు విధములుగ వివరించిరి: భగవంతునకు అనుకూలముగ నడచుకొందునను సంకల్పము, ప్రతికూలమును విడుచుట, ఆయన తప్పక రక్షించునను మహావిశ్వాసము, రక్షకునిగ ఆయననే వరించుట, ఆత్మసమర్పణము, కార్పణ్యము. ఈ కార్పణ్యమనగా తన ఆకించన్యమును గుర్తెరుగుట, తనకు తానుగ మోక్షమును సంపాదించు సాధన మేదియు లేదని ఒప్పుకొనుట. భక్తుని ‘నాకేమియు చేతకాదు’ అను మాటకు పుట్టినిల్లు ఇదియే. అయితే ఆరింటిలో ఇది యొక్కటియే విడిగ నిలువదు. మహావిశ్వాసము దానికి తోడు. ఆనుకూల్య సంకల్పము దానికి ముందు. దాని తరువాత జీవితమంతయు కైంకర్యము, అనగా చేతులతో చేయు సేవ. మాలలు కట్టుట, నీరు మోయుట, తోటలు పెంచుట, పాడుట, వ్రాయుట, వండి పెట్టుట: శరణాగతుడు క్షణము తీరిక లేనివాడు. అంతేకాదు, ఆ కార్పణ్యము ఎవరి ఎదుట పలుకవలసినదో ఆయన ఎదుటనే పలుకబడును. మనము మాత్రము ఆరింటిలో ఐదింటిని వదలి, కార్పణ్యమునొక్కదానిని గుడినుండి ఊడదీసికొని వచ్చి, పాఠశాలలోను, పొలముగట్టుమీదను, ఉద్యోగపు దరఖాస్తు ముందరను పలుకుచున్నాము. విశ్వాసము లేని కార్పణ్యము భక్తి కాదు. అది భయము, ఒక్కొక్కచో సోమరితనము. దానికి తులసిమాల వేసి ఊరేగించుట భక్తికే అపచారమని నేను తలంతును.

వేదాంతులు ఈ చిక్కును చాలకాలము క్రిందటనే ఎదుర్కొనిరి. సర్వము ఈశ్వరాధీనమైనచో జీవునకు కర్తృత్వము కలదా లేదా? బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము, మూడవ పాదమున ఈ విచారము కలదు. ‘ఇది చేయుము, ఇది చేయకుము’ అని శాస్త్రము ఎవనినో ఉద్దేశించి చెప్పుచున్నది గదా; వినువాడు చేయలేనివాడే యైనచో ఆ చెప్పుట వ్యర్థమగును; కావున జీవుడు కర్తయే యని సూత్రకారుడు నిశ్చయించి, ఆ కర్తృత్వము పరమాత్మనుండి వచ్చినదని పిమ్మట చేర్చెను. రామానుజులు ఈ రెంటిని నిలుపుకొనిరి: శక్తి ఇచ్చినవాడు ఈశ్వరుడు, ఇచ్చిన శక్తితో మొదటి ప్రయత్నము చేయువాడు జీవుడు. గీతలో భగవానుడు ప్రతి కార్యమునకు ఐదు కారణములను చెప్పి, దైవమును ఐదవదిగ పేర్కొనెను. శరీరము, కర్త, కరణములు, నానావిధములైన చేష్టలు దానికి ముందున్నవి. ‘అంతా దేవుడి దయ’ యని మొదటి నాలుగింటిని విడిచి ఐదవదానిని పట్టుకొనువాడు గీతను ఐదవవంతు మాత్రమే చదివినవాడు.

మాట సామర్థ్యమును ఎట్లు ముట్టునో మన ఇతిహాసములు రెండును చూపినవి. కిష్కింధాకాండము చివర దక్షిణసముద్రపు ఒడ్డున వానరులు కూర్చుండి ఎవరెంత దూరము దూకగలరో చెప్పుకొందురు. గజుడు 10 యోజనములనును, గవాక్షుడు 20 అనును. అట్లు పెరిగి పెరిగి వయసు మీరిన జాంబవంతుడు 90 అనును. అంగదుడు 100 దాటగలనుగాని మరలి వచ్చుట సందేహమే యనును. ఆ సభలో కోతలు లేవు, కుంగుబాటు లేదు. తన కొలత తాను చెప్పుకొనుటలో ఇంత నిజాయితి గల సభ మరియొకటి కానరాదు. హనుమంతుడొక్కడే మాటాడక దూరముగ కూర్చుండెను. జాంబవంతుడు అతని వద్దకు వెళ్లి చేసిన పని ఏమి? నీవు గొప్పవాడవని ఊరక పొగడలేదు. అంజన కడుపున నీవు పుట్టిన విధమిది, బాలుడవై యుండగ సూర్యుని జూచి పండని తలచి 300 యోజనములు ఎగసితివి అని, జరిగినదానిని జ్ఞాపకము చేసెను. సప్తగిరులలోని అంజనాద్రియే హనుమంతుని జన్మస్థలమని తిరుమల తిరుపతి దేవస్థానము 2021లో ప్రకటించినది. ఇతర ప్రాంతములవారికిని అట్టి నమ్మకమే యున్నది. ఆ వివాదము ఎట్లున్నను, జాపాలి తీర్థమునకు వెళ్లి ఆంజనేయునికి మ్రొక్కి వచ్చు తండ్రి, ఇంటికి చేరి కొడుకుతో మాటాడునపుడు జాంబవంతుని ఒక్కమారు తలచుకొనవలెనని నా కోరిక.

మహాభారతమున దీనికి ఎదురుబొమ్మ శల్యుడు. కర్ణునకు సారథియై అతని తేజమును మాటలతో చంపుమని ధర్మరాజు ఉద్యోగపర్వముననే అతనిని కోరెను; కర్ణపర్వమున శల్యుడు హంసకాకోపాఖ్యానము చెప్పి, నీవు ఎంగిలి తిని బలిసిన కాకివి, అర్జునుడు హంస యని కర్ణునకు వినిపించెను. కర్ణుని పతనమునకు శాపములును, విధియును, అతని పక్షమునందలి అధర్మమును కారణములు. శల్యుని నాలుక యొక్కటియే యనుట సరి కాదు. అయినను మన జాతి ఆ నాలుకను మరువలేదు; ‘శల్యసారథ్యము’ అను మాటను నిత్యవ్యవహారమున నిలుపుకొనినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగ నుండిన ఆల్బర్ట్ బండూరా 1977లో ఈ విషయమునే మనశ్శాస్త్రముగ ప్రతిపాదించెను. తన సామర్థ్యమునందు మనుష్యునకు గల నమ్మకము నాలుగు ఊటలనుండి వచ్చునని అతని మతము: తాను స్వయముగ సాధించిన పనులు, తనవంటివారు సాధించుట చూచుట, ఇతరుల మాటలు, శరీరమునందలి ఉద్రేకాది స్థితులు. వీనిలో మొదటిది బలిష్ఠము. మాటలతో నమ్మకమును నిర్మించుట కష్టము, కూల్చుట సులభమనియు అతడు గుర్తించెను. జాంబవంతుడు మాటను పట్టుకొని మొదటి ఊటకు దారి త్రవ్వినవాడు. శల్యునకు అంత పరిశ్రమ అక్కరలేకపోయెను.

చిరకాలము చిత్తూరు మండలమున ఉండిన మదనపల్లెలో 1895 మే మాసమున ఒక ప్రభుత్వోద్యోగి ఇంట ఎనిమిదవ సంతానముగ జన్మించినందున కృష్ణుని పేరు పెట్టబడిన జిడ్డు కృష్ణమూర్తి కథ ఈ విచారమునకు అత్యంత సన్నిహితమైనది. పసితనమున మలేరియా జ్వరములచేత చదువు కుంటుపడి, పదేండ్లకే తల్లిని పోగొట్టుకొని, తండ్రితో 1909లో అడయారుకు చేరిన ఆ బాలుడు, పాఠశాలలో మందబుద్ధి యనిపించుకొనెను. మొద్దువని ఉపాధ్యాయులు దినదినము బెత్తముతో కొట్టిరి. ఆ యేడే అడయారు సముద్రతీరమున దివ్యజ్ఞాన సమాజమువాడైన లెడ్‌బీటర్ దొర అతనిని జూచి, ఈ బాలుడు జగద్గురువునకు పాత్రము కాగలవాడని ప్రకటించెను. 1911లో అతనికొరకు ఒక సంఘమే వెలసెను. ఒక్క బాలునకు ఒక్క సంవత్సరములో రెండు పేర్లు! బడి ఇచ్చిన పేరు మొద్దు. సమాజము ఇచ్చిన పేరు జగద్గురువు. రెండును ఇతరులు తెచ్చి తగిలించినవే. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్ శిబిరమున వేలమంది ఎదుట ఆ సంఘమును రద్దుచేసి, ఆయన రెండవ పేరును సైతము విడిచివేసెను. మొదటి పేరును వదలుకొనగోరువారు లోకమున కోట్లమంది కలరు; రెండవదానిని వదలినవాడు ఎంత అరుదు! మదనపల్లె చెంత రిషివ్యాలీ విద్యాలయము వెలసిన పిదప, పిల్లవానిని మరియొక పిల్లవానితో పోల్చుటయే హింస యని ఆయన దశాబ్దములపాటు చెప్పుచు వచ్చెను. ఆయన తత్త్వమంతయు నాకు సమ్మతము కాదు. గురువే అక్కరలేదను మాట వెంగమాంబను కన్న నేలలో పుట్టినవాడనగుటచేత నేను ఒప్పుకొనలేను. కాని బెత్తపు దెబ్బలు తిన్న బాలుడు పెద్దవాడై పిల్లలను గూర్చి చెప్పిన ఈ యొక్క మాటకు మాత్రము తల వంచుచున్నాను.

వ్యక్తికి జరిగినదే ప్రాంతమునకును జరుగును. 1800వ సంవత్సరమున నిజాము తుంగభద్రకు దక్షిణమున తన కున్న సీమలను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. నాటినుండి అవి ‘దత్తమండలము’లైనవి. ఇచ్చినవానికి పేరున్నది, పుచ్చుకొన్నవానికి పేరున్నది. ఇయ్యబడిన నేలకు, దానిపై బ్రతుకుచున్న జనమునకు మాత్రము ‘ఇయ్యబడినది’ అనుటకంటె వేరు గుర్తు లేకపోయెను. నూట ఇరువదేండ్లకు పైగా కొన్ని తరములు తమ్ము తాము ఆ పేరుతోనే పిలుచుకొనిరి. కళాశాలకు సైతము దత్తమండల కళాశాల యనియే పేరు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు మనకు తగదని, విజయనగర రాయలు ఏలిన ఈ సీమను ‘రాయలసీమ’ యని పిలువవలెనని ప్రతిపాదించిరి. చిత్తూరు మండలము 1911లో ఉత్తరార్కాటునుండి, కడపనుండి కొన్ని తాలూకాలను, పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరము మొదలగు జమీనులను చేర్చి ఏర్పరచినదగుటచే, దానిలో దత్తమైన భాగము మదనపల్లె, వాయల్పాడులవంటి పడమటి తాలూకాలు మాత్రమే. అయినను నాడు చంద్రగిరి కోట గల మండలమునకు రాయల పేరు పరాయిది కాదు గదా. ఆ పేరును మనవారు సంతోషముతో తమదిగ చేసికొనిరి.

ఆ పేరుతో ఒక్క చినుకు అధికముగ కురియలేదు, ఎండిన చెరువు నిండలేదు. ఇది ఒప్పుకొనవలెను. కాని తొమ్మిదేండ్లకు, 1937 నవంబరు 16న, మదరాసులోని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగు గృహమున కోస్తా నాయకులతో కూర్చుండి, నదీజలములు, విశ్వవిద్యాలయము, రాజధాని లేక ఉన్నత న్యాయస్థానము అను విషయములలో ఒడంబడిక వ్రాయించుకొన్నవారు రాయలసీమవారుగ మాటాడిరి. పేరే దీనిని సాధించినదని నేననను, సాధించినవారు మనుష్యులు. తమది ఒకరు మరియొకరికి ఇచ్చివేసిన నేల యను తలంపుతో బేరమునకు కూర్చుండుటకును, రాయలు ఏలిన సీమ యను తలంపుతో కూర్చుండుటకును భేదముండదని మాత్రము నన్నెవ్వరును ఒప్పింపలేరు. అట్టి పేరు సంపాదించుకొన్న మనమే నేడు ఏ పొరుగూరివాడు కనబడినను ‘మాది కరువు సీమ, మా బతుకులింతే’ యని చెప్పుకొనుట చూచినపుడు నా మనస్సు కలత చెందును. కరువు నిజము. దానిని దాచుమని నేననుట లేదు. కరువు వచ్చిన సీమ యనుట వేరు, కరువు సీమ యనుట వేరు.

మదనపల్లె దరినే క్షయరోగులకొరకు గత శతాబ్దపు రెండవ దశకమున వెలసిన ఆరోగ్యశాలకు, ఆ స్థలమునకు ‘ఆరోగ్యవరము’ అని పేరు. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు పుట్టుటకు మూడు దశాబ్దములకు ముందు, విశ్రాంతియు, మంచి గాలియు, పుష్టికరమైన ఆహారమును తప్ప వేరు చికిత్స లేని ఆ కాలమున, మరణశాసనమువలె భావింపబడిన రోగమును మోసికొని వచ్చినవాడు తాను ఆరోగ్యవరమునకు పోవుచున్నానని బండివానితో చెప్పవలసివచ్చెడిది. ఆ పేరు పెట్టినవారి హృదయమునకు నమస్కారము.

ఇంతవరకు చదివినవారు, అయినచో దినమునకు పదిమార్లు ‘నేను సమర్థుడను’ అని జపించిన చాలునా యని అడుగవచ్చును. ఫ్రాన్సు దేశమున ఎమిల్ కూయే అను ఔషధశాలాధిపతి గత శతాబ్దారంభమున ఇట్టి జపమునే చికిత్సగ ప్రచారము చేసెను. నేటి వ్యక్తిత్వ వికాస శిబిరములలో చాల భాగము దాని సంతతియే. నాకది రుచింపదు. గీత వాఙ్మయ తపస్సును నిర్వచించునపుడు ఉద్వేగము కలిగింపనిది, ప్రియమైనది, హితమైనది యగుటతోపాటు సత్యము కావలెనని విధించినది. ఈ తపస్సు ఇతరులతో మాటాడునపుడే కాక తనతో తాను మాటాడుకొనునపుడును వర్తించునని నా అభిప్రాయము. రాని విద్యను వచ్చుననుట అసత్యము; రాగల విద్యను రాదనుటయు అసత్యమే. మొదటి అసత్యమును లోకము వెంటనే పట్టుకొని నవ్వును. రెండవదానిని వినయమని మెచ్చుకొనును. అందుచేత రెండవదే ప్రమాదకరము.

మాట సత్యమై, కార్యమునకు కట్టుబడినపుడు దానికెంత బలమో చూడవలెననుకొన్నవారు చిత్తూరుకు కొద్ది దూరమున బాహుదా నది చెంత నున్న కాణిపాకమునకు వెళ్లవలెను. స్వయంభువైన వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణముల దేవుడని ప్రసిద్ధి. తగవులు పడినవారు అచ్చట ప్రమాణము చేసి తీర్చుకొందురు. అంతకంటె నన్ను కదిలించునది మరియొక ఆచారము. మద్యమునకో, జూదమునకో అలవాటుపడినవారు కోనేట మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలిచి, ఇకమీదట దాని జోలికి పోనని ప్రమాణము చేయుదురు. ‘మానలేకున్నాను’ అని ఏండ్లతరబడి భార్యతోను, తల్లితోను చెప్పిన నాలుకయే అచ్చట ‘మానుచున్నాను’ అని పలుకును. ఆ క్షణమున అతని శరీరమునందలి దాహము తగ్గలేదు. అతని నరముల బలము పెరుగలేదు. మారినది అతడు తన్ను గూర్చి పలికిన వాక్యము, ఆ వాక్యమునకు సాక్షి. అందరును నిలుపుకొందురని నేను చెప్పను. నిలుపుకొన్నవారిని గ్రామములలో జనము వేలెత్తి చూపుట మాత్రము ఈ ప్రాంతపువారెల్లరు ఎరిగినదే.

తడబడినవాని మాట ఏమి? ఇచ్చట నాకు మీమాంసకులు గుర్తువచ్చుచున్నారు. జైమిని సూత్రముల ఆరవ అధ్యాయము అధికార విచారము, అనగా ఒక కర్మమును చేయుటకు ఎవడు తగినవాడను చర్చ. ధనము లేనివానికి యజ్ఞాధికారము లేదు గదా యని పూర్వపక్షి అనగా, ధనహీనత నిత్యము కాదు, నేడు లేనివాడు రేపు సంపాదింపవచ్చును, కావున దరిద్రుడును అధికారియే యని సిద్ధాంతము చేసిరి. నేటి లేమిని నిత్యధర్మముగ చేయుటకు వారు ఒప్పుకొనలేదు. ఆ అధ్యాయమే శూద్రులకు యజ్ఞాధికారము లేదనియు తీర్మానించుట విచారకరము. ‘నీకు అధికారము లేదు’ అను ఆ మాట వందల యేండ్లు పైనుండి క్రిందికి దిగి దిగి, ఎన్ని వాడలలో ‘మనకెందుకులే అయ్యా’ యను మాటగ స్థిరపడినదో లెక్కింపతరము కాదు. ఇతరుడు విధించిన నిషేధము నాలుగైదు తరములకు తన నాలుకపైననే తన అభిప్రాయముగ పలుకుట, బానిసత్వములలో కెల్ల ఘోరమైనది. కావున ‘నా వల్ల కాదు’ అను మాట ఏ నోటనైనను విన్నపుడు, దానిని మొదట పలికినది ఎవరని విచారించుట న్యాయము.

అధికార విచారమున మరియొక రత్నము కలదు. ఫలముకోరి చేయు కామ్యకర్మమును సర్వాంగములతోను చేయవలెను, ఏ అంగము లోపించినను ఫలము లేదు. నిత్యకర్మము అట్లు కాదు. దానిని యథాశక్తిగ చేయవలెను. అన్ని అంగములు సమకూరలేదని మానుట దోషము. వ్రతమునకు కూర్చున్న ప్రతివానిచేత పురోహితుడు శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నాడో, ఏ సంవత్సరమున, ఏ తిథినాడు, ఏ గోత్రమువాడో చెప్పించి, చివరకు ‘యథాశక్తి’ యనియు, ‘కరిష్యే’ యనియు పలికించుట ఈ న్యాయముననుసరించియే. సంకల్పమందు పూజ చేసెదనని నిశ్చయమున్నది, శక్తికి హద్దున్నదను ఎరుకయు ఉన్నది. ‘ఎట్లు చేయుదునో’ యను వాక్యము లేదు. చదువు, సేద్యము, వంట, పిల్లల పెంపకము, అలవాటును వదలుట మనకు నిత్యకర్మములు. మనము వానిని కామ్యకర్మములుగ భావించి, అన్ని అంగములు అమరినగాని మొదలుపెట్టరాదనుకొనుచున్నాము. ‘నా వల్ల కాదు’ అను మాటలో చాలమార్లు అణగియున్న అర్థము ‘అంతయు నా వల్ల కాదు’ అనునదే.

పదవ తరగతిలో ఐదు పరీక్షలలో గట్టెక్కి, లెక్కల పరీక్ష ఒక్కటి తప్పిన పిల్లవానిని ఊరంతయు ‘టెంత్ ఫెయిల్’ అని పిలుచుచున్నది. ప్రభుత్వమువారు ఆ యేటనే మరల పరీక్ష పెట్టుచున్నారు. వీధి మాత్రము ఆ పేరును పెండ్లి సంబంధముల నాటికిని మరువదు. దాటిన ఐదింటి పేరు వాని ఎదుట ఎత్తువాడు లేడు. ఆ ఐదింటిని మొదట వానికి జ్ఞాపకము చేసి, ఆరవదానిలో నేడు ఎన్ని లెక్కలు చేయగలడో అన్నియే చేయుమని దీపము ముందు కూర్చుండబెట్టుట ఏ తల్లిదండ్రులకైనను సాధ్యమైన పనియే.